ఆదివారం పలక

గోడలకు చెవులుంటాయని మనవాళ్ళు ఏనాడో అన్నారు. నోరు కూడా ఉంటుందని కనిపెట్టింది మాత్రం కందాళ రంగాచార్యులుగారు. ఆయన కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మేష్టారు. సెలవులొస్తే చాలు, పాత కోటల్లోనూ పాడుబడ్డ మేడల్లోనూ గోడలు గోకుతూ తిరిగేవారు. కరక్కాయ నీళ్ళూ బెల్లమూ పోసి నూరిన సున్నపుగచ్చు తడారి గట్టిపడే వేళ దాని ముందు ఎవరేం మాట్లాడినా ఆ అదురు గచ్చులో ఉండిపోతుందని ఆయన నమ్మకం. మూడు వందల ఏళ్ళ కిందటి రాజుగారి దగ్గు ఒక్కసారి విని పోతే చాలని ఆయన కోరిక. రాజుగారి దగ్గు వినబడలేదు గానీ, ఈ సంగతి వెళ్ళి వెళ్ళి యుద్ధం చేస్తున్న దొరల చెవిన పడింది.

దొరలు ఆయనకు కొండమీద ఒక పాత వేట బంగళా ఇచ్చారు. బంగళా వెనక ఏనుగుల కోసం కట్టిన కొట్లు వరసగా ఉండేవి. బర్మా వైపునుంచి వచ్చినవాళ్ళలో అనుమానం తగిలిన వాళ్ళనందరినీ తెచ్చి వాటిలో పెట్టేవారు. ఒక్కొక్క కొట్టు గోడలో ఒక గూడు. గూట్లో కొయ్య చట్రానికి దిద్దిన తడి గచ్చు పలక. పొద్దున్నే ఖైదీలను స్నానానికి తీసుకెళ్ళినప్పుడు నిన్నటి పలక తీసేసి కొత్తది బిగించేవారు. కొండ చెమ్మకు గోడలు పాడవుతున్నాయి, మరమ్మతులు అని చెప్పేవారు. దొరలకు ఎంత శుభ్రమో అని ఖైదీలు నవ్వుకునేవారు.

రెండు రోజులు ఆరబెట్టిన పలకను యంత్రం గదిలో కుమ్మరి సారె లాంటి చక్రం మీద బిగించేవారు. చక్రం తిరుగుతుంటే గాజుసూది ఒకటి గచ్చును గీరుకుంటూ పోయేది. సూదికి తగిలించిన రబ్బరు గొట్టాలు చెవుల్లో పెట్టుకుంటే కొట్లో మాట్లాడుకున్న మాటలు పొలం అవతలి గట్టునుంచి వచ్చినట్టు సన్నగా వినబడేవి. చిక్కల్లా ఒక్కటే. సూది చదివినదాన్ని చదివినట్టే తినేసేది. విన్నంతమేరా గచ్చు పొడై కింద గుడ్డమీద రాలేది. మళ్ళీ విందామంటే వీల్లేదు. పోనీ నలుగురూ ఒకేసారి విందామంటే ఆ ధ్వని ఒక్క మనిషి చెవులకే చాలీచాలకుండా ఉండేది.

ఆ ఒక్క మనిషి దాలమ్మ. భీమిలిలో ఆడపిల్లల బడిలో పంతులమ్మ. విశాఖపట్నం మీద బాంబులు పడ్డాక ఊళ్ళు ఖాళీ అయి బడి మూతపడింది. మద్రాసునుంచి తెచ్చిన దుబాసీలకు తీరం వెంబడి కూలీల మాట, జాలర్ల మాట ఒక పట్టాన అంతుబట్టేది కాదు. దాలమ్మకు అది పుట్టిన మాట. పైగా చెయ్యి చురుకు. ఆమె రాసిన కాగితం నిండగానే జవాను వచ్చి పక్కగదిలో దొర బల్లమీద పెట్టేవాడు. తిరిగి చూసుకోవడం, దిద్దుకోవడం లేవు.

పరాయివాళ్ళ మాటలు చాటుగా వినే పనికి ఆమె ఒప్పుకోవడానికి కారణం జీతం కాదు. ఆమె పెనిమిటి సన్యాసినాయుడు రంగూన్‌లో నదిమీద తిరిగే స్టీమర్లకు మెకానిక్కు. రంగూన్ పడిపోయాక అతని కబురు లేదు. కాలినడకన కొండలు దాటి వచ్చిన వాళ్ళలో అతను లేడు. దారిలో పోయినవాళ్ళ లెక్క ఎవరి దగ్గరా లేదు. ఈ కొట్లలో ఉన్నవాళ్ళంతా ఆ వైపునుంచి వచ్చినవాళ్ళే గదా, ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు అతని ఊసు ఎత్తకపోతారా అని ఆమె ఆశ. అడగడానికి లేదు. వాళ్ళ మొహాలు చూడటానికి కూడా లేదు. కొట్టులోవాళ్ళు ఒకరినొకరు అడుక్కుంటే వినాలి, అంతే. ఎవరో ఎవరినో అన్నం తిన్నావా అని అడిగేవాడు. ఎవరో వాళ్ళ ఊరి మామిడితోట గురించి చెప్పేవాడు. ఆమెకు కావలసిన పేరు మాత్రం ఎవరి నోటా వచ్చేది కాదు.

మూడో కొట్లో అప్పలకొండ అని ఒకతను ఉండేవాడు. గొంతు పెద్దది, కొంచెం బొంగురు. తాను బర్మాలో కూలి చేసుకునేవాణ్ణనీ, అరకాన్ అడవుల్లో పడి నడిచి వచ్చాననీ అతని వాదన. జపానువాళ్ళు పంపితే రాత్రివేళ సముద్రం మీదుగా వచ్చి తీరంలో దిగిన ముగ్గురిలో ఒకడని దొర అనుమానం. రుజువు లేదు. తక్కిన ఇద్దరూ దొరకలేదు. అతని కొట్లోనే పోలయ్య అని ఒక ముసలి జాలరి. ఆ ముగ్గురూ దిగిన చోట వల వేసుకుంటున్నందుకు పట్టుకొచ్చారు పాపం. అప్పలకొండ ఆ ముసలివాడికి స్టీమరు కబుర్లు చెప్పేవాడు, పాటలు పాడి ఏడిపించేవాడు. అవన్నీ దాలమ్మ పొల్లుపోకుండా రాసేది. మంచివాడిలా ఉన్నాడే అని కూడా ఒకటి రెండుసార్లు అనుకుంది.

శనివారం నాటి పలక మంగళవారం చక్రమెక్కింది. అప్పలకొండ గొంతు మామూలుగానే గట్టిగా మొదలైంది. మామా, నిన్ను సోమవారం ఒగ్గేత్తారట, రేపు నీకో ఇల్లు ఎక్కడుందో సెప్తాను, ఆ ఇంటికెల్లి మావోళ్ళిద్దరికీ కబురందియ్యాల అన్నాడు. దాలమ్మ రాసింది. కాగితం నిండింది. జవాను పట్టుకుపోయాడు. ఆమె కొత్త కాగితం తీసింది.

అప్పుడు గొంతు తగ్గింది. మనిషి ముసలివాడి చెవి దగ్గరికి వంగినట్టున్నాడు.

"నిద్దరోయినావేటి?" అన్నాడు గుసగుసగా.

దాలమ్మ చేతిలో కలం ఆగిపోయింది.

ఇక్కడ ఆ కాపురం సంగతి కొంచెం చెప్పుకోవాలి. అత్తగారు, బావగార్లు, తోడికోడళ్ళు, పిల్లలు, అందరూ ఒకే ఇంట్లో. కొత్త దంపతులకు దక్కింది వసారాలో ఒక మూల, మధ్యన ఒక తడిక. తడికకు అవతల అత్తగారి మంచం. పగలు పదిమందిలో మొగుడూ పెళ్ళాం మాట్లాడుకోవడం ఆ ఇంట లేదు. అతను లోపలికొస్తే ఆమె తలుపు చాటుకు తప్పుకునేది. వీధరుగు మీద మగవాళ్ళ గొంతులు కలగాపులగంగా వినబడేవి, అందులో ఇతనిది ఏదో విడదీసి విన్నది లేదు. రాత్రి అందరూ పడుకున్నాక అతను ఆమె చెవిలో మొదట ఆ మాటే అడిగేవాడు. ఆ తర్వాత కబుర్లన్నీ గుసగుసలే. పెళ్ళయిన ఏడాదికే స్టీమరెక్కాడు. మధ్యలో ఒక్కసారి వచ్చి వెళ్ళాడు. అప్పుడూ గుసగుసలే. తన మొగుడి గుసగుసను లక్షమందిలో పట్టగలదు దాలమ్మ. అతని పగటి గొంతు ఎలా ఉంటుందో ఆమెకు తెలియదు.

వారాల తరబడి, అప్పలకొండ అని పేరు మార్చుకున్న అతని మాటలు తన చేత్తోనే రాసి దొరకు పంపింది. విన్న పలకల పొడి ఊడ్చి బంగళా పక్క వంగమడిలో పోసింది. ఇప్పుడు, ఆ ఇల్లెక్కడో రేపు చెప్తాననే మాట కూడా దొర బల్లమీద ఉంది.

గుసగుస ఆగలేదు. "ఇంకో మాట ఉంది మామా. అది మా ఇంటిదానికి. భీమిలి ఎల్లి నువ్వే సెప్పాల. ఇప్పుడొద్దులే, రేపు సెప్తాను. ఇప్పుడు సెప్పేసినానంటే ఈ రాతిరి నాకు నిద్దరట్టదు."

ఆ తర్వాత ఏముందో ఆమె వినలేదు. చెవుల్లో గొట్టాలున్నాయి, చక్రం తిరుగుతూనే ఉంది, పొడి రాలుతూనే ఉంది. ఏమైందని ఆచార్యులుగారు అడిగితే చెవిపోటు అంది. కాగితం మీద ఒక్క అక్షరం లేదు.

కాసేపటికే దొర నవ్వుకుంటూ వచ్చాడు. ఆచార్యులుగారి చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆదివారం నాటి పలక ఎవరూ ముట్టుకోవద్దన్నాడు. గురువారానికి మద్రాసునుంచి ధ్వనిని పెద్దది చేసే యంత్రం వస్తుంది, జనరల్ వస్తాడు, ఆ మాట తెలిసిన శ్రీకాకుళం మునసబు ఒకడు రాసుకోవడానికి వస్తాడు. ఈసారి గదంతా వింటుంది. ఆ ఒక్క పలక పలికితే మూడు ఉరితాళ్ళు సిద్ధం చేసుకోవచ్చునన్నాడు. పలకకపోతే అప్పలకొండ మీద రుజువేదీ లేదు, కొండలు దాటి వచ్చిన వందలమందిలో వాడూ ఒకడేనని కూడా అతనే అన్నాడు. అతన్ని అప్పటికే లారీలో కిందికి ఏదో జైలుకు పంపేశారు. దాలమ్మ కాపలావాణ్ణి మాటల్లో పెట్టి పోలయ్య సంగతి అడిగింది. విడిచిపెట్టాల్సిన సోమవారం తెల్లవారకముందే చలిజ్వరం తిరగబెట్టి పోయాడట. శవాన్ని వాళ్ళ వాళ్ళకు అప్పగించారట.

అంటే ఆదివారం నాడు ఆ కొట్లో అతను ఏం చెప్పాడో విన్న ప్రాణి భూమ్మీద లేదు. విన్నది గచ్చు ఒక్కటే. ఆమెకు పంపిన మాటా, అతన్ని ఉరితీసే మాటా పక్కపక్కనే అందులో ఉన్నాయి.

యంత్రం గదిలో చక్రాన్ని విప్పి కొత్త యంత్రానికి తగినట్టు బిగిస్తున్నారు. పలక మాత్రం ఆరుబయట పెరట్లో, తడిగోనెల నీడన ఆరుతోంది. పలకలను వేళకు అటూ ఇటూ తిప్పి, గోనెలు తడపడం దాలమ్మ పనే. పొద్దుట పది సార్లు ఆ పలక పక్కనుంచి నడిచింది. దాని వంక చూడకుండా నడవడం ఆమెవల్ల కాలేదు. తెల్లగా, నున్నగా, ఏమీ ఎరగనట్టు ఉంది.

బుధవారం ఆమె ఉండబట్టలేక ఆచార్యులుగారిని అడిగింది, జనరల్ వచ్చేలోగా తాను ఒక్కసారి వింటే తప్పేమిటని.

"ఎలాగమ్మా? నువ్వు విన్నాక వాళ్ళకేం మిగుల్తుంది, పొడి తప్ప?" అన్నారాయన. ఆయన సంబరం ఆయనది. రేపు ఈ గోడలు మాట్లాడితే ఎల్లుండి తనను కోటలకు పంపుతారు, రాజుల గోడలు విప్పుకోవచ్చు. మాటల్లో మాటగా, ఆ ఇద్దరి దగ్గరా వైర్‌లెస్ ఉందనీ, వాళ్ళ కబుర్లవల్ల ఓడలు మునుగుతాయనీ, ఆ ఓడల్లో ఉన్నదీ మనవాళ్ళేననీ అన్నారు. అదీ నిజమే. దాలమ్మ పెద్ద తోడికోడలి తమ్ముడు ఆ ఓడల్లోనే బొగ్గు ఎత్తేవాడు. ఆమెకు ఆ కుర్రవాడి మొహం గుర్తొచ్చింది. గుర్తొచ్చినా ఆమె మనసు మూడో కొట్టుని వదిలి రాలేదు. దేశాలూ యుద్ధాలూ తూచే త్రాసు ఆమె దగ్గర లేదు. ఉన్నదల్లా ఒక మనిషి.

గచ్చుకు పులుపు గిట్టదు. పెరటిలోకి మజ్జిగ గానీ మామిడికాయ ముక్క గానీ తేరాదని ఆచార్యులుగారి ఆంక్ష. ఒక బొట్టు పడితే చాలు, పైపొర బుసబుసమని పొంగి కరిగిపోతుంది. తరవాణి అన్నం లేనిదే దాలమ్మకు మధ్యాహ్నం గడవదు. రెండు రోజులు పులిసిన ఆ గంజినీళ్ళ ముంతను అందుకే గేటు బయట చెట్టుకింద పెట్టుకుని తినేది. ఆరోజు ముంతను తడిగోనెల మోపులో చుట్టి లోపలికి తెచ్చుకుంది. కాపలావాడు చూసింది గోనెలనే.

ఎండ నడినెత్తిన ఉంది. ఆచార్యులుగారు భోంచేసి కునుకు తీస్తున్నారు. దాలమ్మ పలక ముందు చతికిలబడింది.

వెంటనే పోయలేకపోయింది. చెవి ఆనించి చూసింది. చల్లగా తగిలింది, అంతే. కొప్పులోని సూది తీసి, ఒక కొస పళ్ళతో పట్టుకుని, రెండో కొస పలక అంచుమీద ఆనించి మెల్లగా గీరింది. పళ్ళనుంచి చెవుల్లోకి గర్రుమని ఒక రాపిడి వచ్చింది. మాట కాదు. ఆ వేగం, ఆ చక్రం లేనిదే మాట రాదని ఆమెకు తెలుసు. తెలిసీ ఇంకొంచెం గీరింది. గోటిమీద నలుసంత పొడి రాలింది. ఏ మాటలోని ముక్క అది, ఇంటి గుర్తులు చెప్పిందా, తన గురించి అన్నదా? ఆమె సూది విసిరికొట్టి ఏడ్చింది. నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. ఇన్నేళ్ళకు ఒక్క మాట పంపాడు. అది ఇంటి దాకా వచ్చి గుమ్మంలో నిలబడింది. తలుపు తియ్యడానికి లేదు.

లేచి, ముంత వంచి తరవాణి పోసింది.

పైనుంచి కిందికి, ఎక్కడా పొడి మిగలకుండా, అరచేత్తో పులుముతూ పోసింది. గచ్చు సన్నగా బుసకొట్టింది. నురగ వచ్చింది. నురగ ఆగేదాకా కూర్చుని, మళ్ళీ పులిమి, నీళ్ళతో కడిగి, గుడ్డతో ఒత్తి, గోనె కప్పింది. చేతులు మండుతున్నాయి. తర్వాత వెళ్ళి గేటు బయట చెట్టుకింద కూర్చుంది. ఆ పూట తినడానికి ఏమీ లేదు.

గురువారం గదినిండా దొరలు. మద్రాసు యంత్రానికి పెద్ద బూరా ఉంది. జనరల్ కుర్చీలో కాలుమీద కాలేసుకుని కూర్చున్నాడు. మునసబు కలం పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. ఆచార్యులుగారు పట్టు ఉత్తరీయం వేసుకుని, చక్రం తిప్పే ముందు కళ్ళు మూసుకుని దండం పెట్టుకున్నారు. దాలమ్మ గోడకానుకుని నిలబడింది. తాను సరిగ్గా చేసిందో లేదో అప్పటికీ ఆమెకు తెలియదు. ఏ మూలన్నా ఒక పొర మిగిలి ఉంటే? మిగలకూడదని దేవుళ్ళందరికీ మొక్కింది. మొక్కుతూనే, ఒక్క ముక్క, తన గురించిన ముక్క ఒక్కటి మిగిలితే బాగుండునని కూడా కోరుకుంది. దేవుళ్ళకు ఏ మొక్కు వినాలో తెలియక తికమకపడి ఉంటారు.

బూరాలోంచి పోపు వేగుతున్నట్టు చిటపటలు వచ్చాయి. అవే వచ్చాయి. పలక చివరిదాకా అవే. జనరల్ కాలు దించి గడియారం చూసుకున్నాడు.

ఆచార్యులుగారు పలక మీదికి వంగారు. వేలితో తడిమి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. పుల్లటి వాసన తగిలింది, తలెత్తి దాలమ్మ వంక చూశారు. దొర ఏమిటిదని కేక వేశాడు. చెమ్మకు గచ్చు పక్వం తప్పిందని ఆచార్యులుగారు తడబడుతూ ఇంగ్లీషులో చెప్పారు. నిజం చెబితే ఆమెను పనిలో కుదిర్చింది ఎవరని తనమీదికే వస్తుంది, అది ఆయనకూ తెలుసు. జనరల్ వెళ్ళిపోయాడు. నెల తిరక్కుండా బంగళా ఖాళీ చెయ్యమని తాఖీదు వచ్చింది.

వాళ్ళంతా వెళ్ళాక ఆయన దాలమ్మను పిలిచారు. తిట్టలేదు. కుర్చీలో కూలబడి, తన పదేళ్ళ పని పోయిందని కాసేపు ఏడ్చారు. ఆమె నిలబడే ఉంది.

"అతను నీకేమవుతాడు?" అన్నారు చివరికి.

పెనిమిటి పేరు చెప్పడం ఆమెకు అలవాటు లేదు. మెడలోని పుస్తెలతాడు పైకి తీసి చూపించింది.

"ముందే చెప్పి ఉంటే నేనే…" అని మొదలెట్టి, తల అడ్డంగా తిప్పారు. "లేదులే, అబద్ధమెందుకు? చెప్పినా చక్రం తిప్పేవాణ్ణే. ఆ పలక పలికితే వినాలని నాకంత ఆశగా ఉండేది."

ఆ మాటకు ఆమె ఆయన్ను క్షమించిందో లేదో గానీ, వెళ్ళేముందు వంగి ఆయన కాళ్ళకు దండం పెట్టింది. ఆయన కాళ్ళు వెనక్కి తీసుకోలేదు, దీవించనూ లేదు.

యుద్ధం అయిపోయింది. ఆ ఇద్దరూ ఏమయ్యారో, ఏ ఓడ మునిగిందో, ఏది తేలిందో దాలమ్మకు తెలియదు. తోడికోడలి తమ్ముడు మాత్రం మసి మొహంతో క్షేమంగా వచ్చాడు. ఆ మర్నాడు ఆమె పిలిచి అతనికి కడుపునిండా అన్నం పెట్టింది. ఎందుకు పెట్టిందో అతనికి తెలియదు.

రుజువు దొరకని అనుమానితులనందరినీ జైళ్ళనుంచి వదిలినప్పుడు సన్యాసినాయుడు కూడా వచ్చాడు. చిక్కిపోయాడు గానీ నిక్షేపంలా ఉన్నాడు. అప్పటికి అత్తగారు కాలం చేశారు, అన్నదమ్ములు వేరుపడ్డారు. రెండు గదుల ఇంట్లో దాలమ్మ ఒక్కతే ఉండేది. అతను ఆ ఇంట్లో పగలూ రాత్రీ గొంతెత్తి మాట్లాడేవాడు. బడి పిల్లలకు స్టీమరు కబుర్లు చెప్పేవాడు. ఊళ్ళోవాళ్ళంతా దాలమ్మది ఎంత అదృష్టమో అనేవారు. అదృష్టమే.

కొన్నాళ్ళు ఆగి ఆమె అతనికి పలక సంగతంతా చెప్పింది. మధ్యాహ్నం, అన్నం పెడుతూ చెప్పింది. అతను ముద్ద కలిపిన చెయ్యి కంచంలోనే ఉంచి విన్నాడు. తనను బతికించింది ఎవరో అప్పుడే తెలిసింది అతనికి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఆమెకు కావలసింది ఆ నీళ్ళు కాదు.

"ఆదివారం నాడు పోలయ్య మామకి నా గురించి ఏటి సెప్పినారు?" అని అడిగింది.

"సెప్పినాను. సానాసేపు సెప్పినాను. ముసలోడు ఏడిసినాడు కూడాను."

"అదే ఇప్పుడు సెప్పండి."

అతను నోరు తెరిచాడు. ఆగాడు. ఇటూ అటూ చూశాడు, మళ్ళీ తెరిచాడు. చెప్పాలని అతనికీ ఉందని ఆమెకు కనబడుతూనే ఉంది.

"రాదే," అన్నాడు. "అప్పుడు బతుకుతానని అనుకోనేదు గదా. సచ్చిపోతాననుకున్నోడి మాట అది. ఇప్పుడు నీ ముందు కూకుని అంటే నాటకం ఆడినట్టుంటాది."

దాలమ్మ సరేనంది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు. అతను చాలాకాలం బతికాడు, ఆమెను బాగానే చూసుకున్నాడు, మాటకు లోటు చెయ్యలేదు. ఆరోజు మాత్రం కాసేపటికి కంచం ముందుకు జరిపి ఇంకొంచెం అన్నం వెయ్యమన్నాడు. ఆమె వేసింది, పులుసు పోసింది, ఎదురుగా కూర్చుంది. అతను తింటూ ఉన్నాడు. తిరిగొచ్చి తన ఎదురుగా కూర్చుని అన్నం తింటున్న మొగుడి మీదే ఆమెకు బెంగగా ఉంది.